జడలో కాశీ నీళ్ళు

ఈ సంగతి జరిగింది బడి మేడ మీదికి గేదెల్ని ఎక్కించిన వరద వచ్చిన మూడో ఏడు. మా చామంతిలంకలో ఏళ్ళకి అంకెలు ఎవరూ చెప్పరు. ఎర్ర వరద ఏడు, రేవు తెగిన ఏడు, గేదెల వరద ఏడు, ఇంతే. నా పెళ్ళి రేవు తెగిన ఏడు. మా అమ్మాయి రత్నం వరద రాని ఏడు పుట్టింది. అందుకని దాని వయసు మా ఇంట్లో ఎప్పుడూ తేలదు.

గేదెల వరద తీశాక మా నీళ్ళు చెడ్డాయి. బావులు చెడ్డాయి, కాలవ చెడింది. ఇంటికొకరు పచ్చకామెర్లతో పడుకున్నారు. గవర్నమెంటువాళ్ళు వచ్చి ఏ నీళ్ళు తాగుతున్నారని అడిగితే అందరూ కాచి చల్లార్చిన నీళ్ళే అన్నారు. నా ఇంటిది తాయారు కూడా అదే అంది. కాచిందీ లేదు, చల్లార్చిందీ లేదు. అడిగినవాడికి మంచిమాట చెప్పి పంపడం మా ఊరి అలవాటు.

అందుకే జుట్టు చదివే మిషను వచ్చింది. యూనివర్సిటీవాళ్ళది. తుపాను షెల్టరు పైఅంతస్తులో పెట్టారు. నస్రీన్ మేడం అని హైదరాబాదు ఆవిడ దానికి పెద్ద. ఆవిడ కింద మా రత్నం. నా క్షవరాల డబ్బుతోనే చదివింది, కెమిస్ట్రీ. ఆ మిషను దేశంలో ఇంకెక్కడా లేదని, మొదటిది మా లంకకే వచ్చిందని చెప్పింది. మనిషి నోరు అబద్ధమాడినా జుట్టు ఆడదంది.

నాకేం అర్థం కాలేదు. ఏసోబుకి చేసి చూపించిన రోజున అర్థమైంది.

ఏసోబు కొబ్బరి దింపు పనివాడు. వరస లేకపోయినా నన్ను మావా అంటాడు. నా కొట్టుకి గడ్డం కోసం రాడు, మాటల కోసం వస్తాడు. నేను మాట్లాడను కాబట్టి నా వాటా కూడా వాడే మాట్లాడతాడు. ఆ రోజు షెల్టరు మేడ ఎక్కి, "ఏవమ్మా రత్నం, నా తలకాయలో ఏటుందో చూడు, మా ఆవిడేమో ఏం లేదంటంది" అన్నాడు.

రత్నం ఒక వెంట్రుక పీకి గాజు గొట్టంలో పెట్టింది. మిషను తేనెటీగలాగా రొద చేసింది. తెర మీద ఒక గీత వచ్చింది. ఆకుపచ్చ గీత. మధ్యలో కొంచెం పసుపు.

"పచ్చదంతా మన కాలవ నీళ్ళు బాబాయ్. ఇదిగో, ఈ మొదలు ఇవాళ్టిది, ఈ కొస రెండు నెలల కిందటిది. ఏ చోటి నీళ్ళకి ఆ చోటి బరువు ఉంటుంది. సముద్రం పక్కన పడిన వాన ఒక బరువు, కొండల్లో పడింది ఒక బరువు. తాగిన నీళ్ళు జుట్టులో చేరి అక్కడే ఉండిపోతాయి. సంక్రాంతి తరవాత కొన్నాళ్ళు నువ్వు ఊళ్ళో లేవు. ఇవి గుంటూరు వైపు బోరు నీళ్ళు."

ఏసోబు నోరు తెరిచాడు. "ఓరి నాయనో! మా ఆవిడకి వైజాగని చెప్పానే!"

మెట్ల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు.

"మరి కల్లు తాగితేనో?"

"కల్లయినా నీళ్ళే కదా బాబాయ్. ఏ ఊరి తాటిచెట్టుదో చెప్పేస్తుంది."

"మావా, పద కొట్టుకి. గుండు కొట్టెయ్యి నాకు, ఇప్పుడే!"

నేనూ నవ్వాను. ఆ మిషనుని చూసి మా ఊళ్ళో నవ్వింది ఆ ఒక్కరోజే.

తరవాత రత్నం నా కొట్టులో జుట్టు కావాలంది.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. తీసిన జుట్టు పరాయి చేతికి ఇవ్వకూడదు. ఎవడు ఏ చెరుపు చేస్తాడో అని పాతకాలపు భయం. కొట్టులో తీసింది అంతా కలిపి ఊడ్చి గోనెలో తొక్కుతాం. కొబ్బరిచెట్ల మొదట్లో వేస్తాం. పెద్దిళ్ళకి వెళ్ళి చేసింది మాత్రం అందరిదాంట్లో కలపం. తెల్లగుడ్డలో విడిగా మూట కట్టుకుని, తిరిగొచ్చేటప్పుడు ఎవరూ చూడకుండా ఏట్లో వదిలేస్తాం. మా నాన్న నాకు కత్తి పట్టడం కంటే ముందు ఆ మూట కట్టడం నేర్పాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

"పేర్లు అక్కర్లేదు నాన్నా. కలిపేసిన జుట్టే ఇవ్వు. ఎవరిదో నాకొద్దు. ఊరు మొత్తం ఏ నీళ్ళు తాగుతోందో తెలిస్తే పిల్లలకి మందు ఏదో తెలుస్తుంది."

పిల్లలకి అన్నాక నేను ఇంకేమంటాను. సరే అన్నాను.

ఆ మర్నాడు ఆదివారం. ఆదివారం ఎమ్మెల్యే జోగారావుగారింటికి వెళ్ళాలి. ఏరు దాటి అవతల గట్టు మీద ఇల్లు. ఆయన పుట్టుజుట్టు నేనే తీశాను. పెళ్ళికొడుకుని చేసినప్పుడు నేనే గడ్డం గీశాను, మా అన్న సన్నాయి ఊదాడు. మొదటిసారి నామినేషను వేసే రోజు పొద్దున్న, "నీ చెయ్యి మంచిది రాఘవులూ" అని నన్నే పిలిపించాడు. ఆయన మాట్లాడతాడు, నేను వింటాను. "రాఘవులు దగ్గర చెప్తే గోడకి చెప్పినట్టే" అని నలుగురిలో అంటాడు. అది నాకు గొప్పగానే ఉండేది.

ఆ రోజు చాలా వారాల తరవాత చూశాను ఆయన్ని.

"హైదరాబాదులో ఆస్పత్రిలో పడున్నాను రాఘవులూ. కిడ్నీలో రాయి. మెతుకు ముడితే ఒట్టు" అన్నాడు.

మెడ కింద కండ పెరిగింది. ముక్కు మీద పొర లేచి ఉంది, ఎండకి కమిలినట్టు. ఆస్పత్రి మంచం మీద ఎండేంటి అనుకున్నాను. అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను.

ఎప్పట్లాగే మెడ మీదా చెవుల వెనకా మొదలంటా గొరిగి, ఆ జుట్టు మూట కట్టుకుని రేవుకి వచ్చాను. రేవులో బట్టలు ఉతుకుతున్నారు, పిల్లలు ఈదుతున్నారు. నలుగురి ముందు వెయ్యకూడదు. తరవాత వేద్దామని సంచిలో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి మర్చిపోయాను. మర్నాడు పొద్దున్నే రత్నం గోనెతోపాటు సంచి కూడా మేడకి పట్టుకుపోయింది.

అందరి జుట్టులో కలిపేసి ఉంటే అది ఎవరిదో ఏ మిషనుకీ తెలిసేది కాదు. పెద్దింటిదని విడిగా కట్టాను. ఆ మర్యాదే కొంప ముంచింది.

క్యారేజీ ఇవ్వడానికి మధ్యాహ్నం మేడ ఎక్కితే రత్నం, మేడం తెర ముందు నిలబడి ఉన్నారు. గీత పచ్చగా ఉంది. ఒకచోట మాత్రం తెల్లగా, గోటి అంచంత.

"ఇవి మన దేశం నీళ్ళు కావు" అంది మేడం. "మంచు కరిగిన నీళ్ళు. చాలా ఉత్తరంగా, సముద్రాలకి అవతల. రత్నం, మీ లంకలో మంచుదేశం వెళ్ళొచ్చిందెవరు? మనకే టిక్కెట్టు దొరకదు!"

ఆవిడ నవ్వింది. రత్నం నవ్వలేదు. దాని చేతిలో నా తెల్లగుడ్డ ఉంది. చిన్నప్పుడు ఆ గుడ్డలు ఉతికి తీగ మీద ఆరేసింది అదే. పెద్దింటిదైతేనే మూట కడతానని దానికి తెలుసు. నేను వెళ్ళే పెద్దిల్లు ఇప్పుడు ఒక్కటే అనీ తెలుసు.

నేను క్యారేజీ కింద పెట్టాను.

అప్పటికి కాలవ తల దగ్గర మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ కడతారని బోర్డు పాతి ఆరు నెలలైంది. మేము తాగే నీళ్ళు అక్కడినించే దిగుతాయి. ఫ్యాక్టరీ కడుగు నీళ్ళు అందులోకే వదులుతారని రత్నంలాంటి చదువుకున్నవాళ్ళు అన్నారు. అలాంటిదేం లేదని జోగారావుగారు అన్నాడు. ఆ కంపెనీవాళ్ళది ఏదో చలిదేశం. బోర్డు మీద తెల్ల కొండ బొమ్మ కూడా ఉంది.

రత్నం నా వెనకే మెట్లు దిగింది.

"ఎవరిదని నేను అడగను నాన్నా."

నేను ఆగకుండా మెట్లు దిగుతున్నాను.

"అడక్కపోయినా తెలుసు."

"ఇటిచ్చెయ్యమ్మా."

"ఇస్తాను. కానీ మిషను చదివేసింది."

"ఆయన ఇచ్చింది కాదు అది. మనం దొంగతనం చేసినట్టు."

"ఆయన సొంతంగా ఊళ్ళు తిరిగితే నాకెందుకు నాన్నా? ఎక్కడికైనా పోనీ. మన తరపున అవునని, కాదని చెప్పేవాడు ఆయన. మన కాలవ మీద ఫ్యాక్టరీ పెట్టేవాళ్ళు ఆయన్ని విమానం ఎక్కించి తిప్పితే, ఆ సంగతి మనకి చెప్పక్కర్లేదా?"

మూట తీసుకుని రేవుకి వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి వదిలేశాను. మూట మునిగింది. తెలిసిన సంగతి మునగలేదు. కొట్టుకి వచ్చినవాళ్ళ తల పట్టుకుంటే నా వేళ్ళు సిగ్గుపడేవి.

ఫాల్గుణంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. బడి ముందు షామియానా, కుర్చీలు, మైకు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చాడు, ఇంకా పడుచువాడు. ఊరు ఏమంటుందో రాసుకుని పైకి పంపడం ఆయన పని. ఊరు వద్దంటే కంపెనీకి కష్టం. ఊరు ఊరుకుంటే రేపటినించే పునాదులు.

జోగారావుగారు బాగా మాట్లాడాడు. ఎప్పుడూ బాగానే మాట్లాడతాడు. ఉద్యోగాలన్నాడు, రోడ్డన్నాడు. "ఆ కంపెనీ మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. నాకూ వాళ్ళకీ ఏ సంబంధం లేదు. నేను మాట్లాడేది మీ బిడ్డగా" అన్నాడు.

రత్నం లేచింది. మేడం చెయ్యి పట్టుకుని ఆపబోయింది, ఆగలేదు.

"బాబుగారూ, ఒక్కటే అడుగుతాను. ఈ మధ్య కంపెనీవాళ్ళు మిమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళారా?"

"నన్నా? నేను నెలంతా ఆస్పత్రిలో ఉన్నాను గదమ్మా! మీ నాన్ననడుగు, నా అవతారం చూశాడు."

అందరూ నవ్వారు. రత్నం నావైపు ఒకసారి చూసి కూర్చుంది. అంతే. అయినా వెనకనించి ఎవడో, "మిషనునడగండి, అది చెప్తాది!" అని అరిచాడు.

అప్పుడు ఆయన నవ్వు ఆగింది. రత్నాన్ని చూశాడు. తరవాత నన్ను చూశాడు. చెయ్యి దానంతటదే వెళ్ళి ఆయన తల తడుముకుంది.

"రాఘవులూ" అన్నాడు మైకులోనే. "మొన్న నాకు తీసిన జుట్టు ఏం చేశావు?"

ఊరంతా నావైపు తిరిగింది.

"ఏట్లో వేశాను బాబూ."

అది నిజమే. అక్కడ ఆగి ఉండొచ్చు. కానీ ఆయన మాటల మీద బతికిన మనిషి. ఏ మాట వెనక ఏముందో తెలుసు.

"అంతకుముందు?"

"అంతకుముందు మేడ మీదికి పోయింది. పొరపాటున."

రత్నం మొహం కప్పుకుంది. జోగారావుగారు బల్ల మీది నీళ్ళ సీసా తీసుకుని మూత తిప్పాడు. తాగబోయి, సీసా వంక చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"సరే" అన్నాడు. "వెళ్ళాను. టిక్కెట్టు వాళ్ళదే, హోటలు వాళ్ళదే. మంచులో బండి మీద జారించారు. వాళ్ళ ఫ్యాక్టరీ పక్కన చెరువులో చేపలు ఈదుతుంటే చూపించారు. చూసొచ్చాను. ఏం, తప్పా?"

"మరి ఆస్పత్రన్నారేటండీ?" అన్నాడు ఏసోబు.

"అన్నాను. నీలాంటివాళ్ళ నోటికి జడిసి అన్నాను. ఆగు, కూర్చోకు. నేను కూడా ఒకటి అడుగుతాను, చెప్పు. కార్తీకంలో ఇక్కణ్ణించి కాశీకి ఐదు బస్సులు వెళ్ళాయి. ఆరోది మీవాళ్ళకి, వేళాంకణ్ణి మాత గుడికి. చల్లటి బస్సులు. దారిపొడుగునా వేడి టిఫిను. మడి కట్టుకునేవాళ్ళకి విడిగా వంటమనిషి. ఎవరు పంపారు?"

"తమరేగా బాబూ" అంది ముందు వరసలో ఒక ముసలావిడ, దండం పెడుతూ.

"నేనా? నాకెక్కడిదమ్మా అంత? కంపెనీ పంపింది. ఈ కంపెనీయే. బస్సుకి వాళ్ళ పేరు కట్టొద్దని నేనే చెప్పాను, మీరు ఇబ్బంది పడతారని. వెళ్ళేటప్పుడు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎవరి డబ్బు బాబూ అని అడిగారా? నా కాళ్ళకి మొక్కి ఎక్కారు. తిరిగొచ్చి కాశీదారం కట్టారు నా చేతికి."

ఆయన రత్నంవైపు తిరిగాడు.

"రత్నమ్మా, నా జుట్టు చదివావు. మంచిది. మీ అమ్మ జడ కూడా చదువు. అందులో గంగ ఉంటుంది. చదివి ఇదే మైకులో చెప్పు."

తాయారు ఆడవాళ్ళ మధ్యలో కూర్చుని ఉంది. కొంగు తీసి తల మీద కప్పుకుంది. దాని పక్కావిడ కప్పుకుంది. ఆ వెనకావిడ కప్పుకుంది. చూస్తుండగా షామియానా కింద ఒక్క జడ కనపడకుండా పోయింది.

ఆఫీసరు మైకు తీసుకున్నాడు. "అభ్యంతరాలు ఉన్నవాళ్ళు చెప్పండి."

అంతకుముందు వద్దని కాగితాలు పట్టుకొచ్చినవాళ్ళు ఆ కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు.

"రేపు ఆదివారమైనా మధ్యాహ్నందాకా పంచాయతీ ఆఫీసులో ఉంటాను" అన్నాడు ఆఫీసరు. "నోటితో చెప్పినా రాసుకుంటాం. ఎవరూ రాకపోతే ఊరికి అభ్యంతరం లేదని రాయాల్సి ఉంటుంది. నాకు వేరే దారి లేదు."

జోగారావుగారి కారు వెళ్ళిపోయింది. జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఇళ్ళకి పోయారు. గెలిచింది ఆయనో, మిషనో నాకు తెలీలేదు. ఓడింది మాత్రం మేము.

సాయంత్రం తాయారు కుంకుడుకాయలు నానేసి తలంటుకుంది. పండగ లేదు, ఏమీ లేదు. తడిజుట్టు తువ్వాలులో చుట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఇప్పుడు గంగ పోతుందంటావా, రత్నం?"

"పోదమ్మా. అది మురికి కాదు."

"మురికి కాదా?" అంది తాయారు.

రత్నం తల దించుకుంది.

"మీ నాన్నది ఎప్పుడో పోయిందిలే" అంది తాయారు మళ్ళీ. "ఊళ్ళో మగాళ్ళందరిదీ పోయింది. నెలకోసారి కత్తిరించుకుంటారు. నాదే ఉండిపోయింది."

నిజమే. ఊరి మగాళ్ళ తలల్లోంచి కాశీని నా చేత్తోనే కత్తిరించి కొబ్బరిచెట్లకి వేశాను. అందుకే గోనెలో జుట్టు చదివినప్పుడు గంగ కనపడలేదు.

"గంగలో మునిగేటప్పుడు ముందు మా అమ్మ పేరు తల్చుకున్నాను" అంది తాయారు నావైపు తిరిగి. "తరవాత మీ పేరు, రత్నం పేరు. జోగారావుబాబు పేరు కూడా తల్చుకుని మునిగాను, పంపాడు కదా అని. ఆ పుణ్యం ఇప్పుడెవరిదండీ? కంపెనీదా?"

నేను లేచి పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చాను.

చీకటి పడకముందే మేడం వచ్చింది. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"మిషను ఆపేశాను రత్నం. అడక్కుండా తీసుకున్న జుట్టు చదివామని యూనివర్సిటీకి చెప్పాలి. నేను చెప్పకపోయినా ఆయన చెప్తాడు. నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలీదు."

"చదివింది అబద్ధం కాదు కదా మేడం."

"కాదు. ఆయన ఎవరి ఖర్చుతో తిరిగాడో ఊరికి తెలియాల్సిందే. కానీ ఆయన నోటితో తెలియాలి. తెలియాలంటే అడగాలి. మనం అడక్కుండా దొంగదారిలో తెలుసుకున్నాం. రేపు ఇదే మిషను ఇంకొకడి చేతిలో పడితే, మీ ఊళ్ళో ఆడపిల్ల ఎక్కడికెళ్ళిందో, ఎవరింట్లో మంచినీళ్ళు తాగిందో చదువుతాడు. అప్పుడు నువ్వేమంటావు?"

రత్నం ఏడ్చింది. పసిపిల్లగా ఉన్నప్పుడు తప్ప అది ఏడవడం నేను చూడలేదు. మేడం దాని భుజం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

"నాన్నా" అంది రత్నం కళ్ళు తుడుచుకుని. "ఏట్లో వేశానన్నావు. అక్కడ ఆగిపోతే అయిపోయేది. మేడ మీదికి పోయిందని ఎందుకు చెప్పావు?"

"అడిగాడు గదమ్మా."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే ఏదోలా అయింది. ఇన్నేళ్ళు ఆయన మెడ మీద కత్తి పెట్టి నిలబడ్డాను. ముక్కు మీద తోలు ఊడింది చూశాను. ఏం బాబూ అని ఒక్కమాట అడగలేదు. బస్సు ఎక్కేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషపడ్డాను తప్ప, ఇది ఎవరిదని అడగలేదు. మాట్లాడనివాడని ఊళ్ళో నాకు మంచిపేరు. ఆ మంచిపేరు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

మర్నాడు పొద్దున్న కొట్టు తీయలేదు. ఏరు దాటి పెద్దింటికీ వెళ్ళలేదు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని పంచాయతీ ఆఫీసుకి బయల్దేరాను. తాయారు ఎక్కడికని అడగలేదు. కొంగు తల మీదినించి తీసేసి, జడ వెనక్కి వేసుకుని నా వెనకే వచ్చింది.

అరుగు మీద, వేపచెట్టు కింద చాలామంది కూర్చుని ఉన్నారు. లోపలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆఫీసరు బల్ల దగ్గర ఖాళీగా ఉన్నాడు. పక్కన రాసుకునే గుమస్తా.

"పేరు?"

"రాఘవులండి."

"అభ్యంతరం ఏంటి?"

"రెండున్నాయండి. మొదటిది నా మీదే."

ఆఫీసరు తలెత్తాడు.

"నేనూ, నా ఇంటిదీ కంపెనీ డబ్బుతో కాశీ వెళ్ళొచ్చాం. ఎవరి డబ్బని అడగలేదు. అది రాయండి. ఇంకోటి, కాలవ తల దగ్గర ఆ కంపెనీ వద్దు. పిల్లలు తాగే నీళ్ళు."

గుమస్తా కలం ఎత్తి పట్టుకుని, "మొదటిది ఇక్కడ అక్కర్లేదు తాతా. రెండోది రాసుకుంటాను" అన్నాడు.

"మొదటిది రాయకుండా రెండోది రాయొద్దండి."

"అదెందుకు తాతా, అనవసరంగా..."

"రాయండి" అన్నాడు ఆఫీసరు.

రాశాడు. బయటివాళ్ళకి వినపడేలా చదవమన్నాను. అంత గట్టిగా నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. చదివాడు. నా పేరు, తాయారు పేరు, కాశీ, కంపెనీ డబ్బు. చెవులు కాలిపోయాయి. నేలవైపు చూస్తూ నిలబడ్డాను. తరవాత సంతకం పెట్టాను. మూడేళ్ళు బడికి వెళ్తే నాకు మిగిలింది నా పేరు రాయడమే.

తాయారు ముందుకొచ్చింది. "నాది నేను చెప్పుకుంటాను బాబూ. ఆయన చెప్పింది ఆయనకి. నా పేరు మంగతాయారు. నా జడ కావాలంటే చూసుకోండి, అడిగారంటే ఇస్తాను."

"అవసరం లేదమ్మా" అన్నాడు ఆఫీసరు. "మీరు చెప్పారు, చాలు."

మేము పక్కకి వచ్చి గోడవార నిలబడ్డాం. చాలాసేపు ఎవరూ రాలేదు. గుమస్తా ఆవలించాడు. ఇంతేనేమో అనుకున్నాను. అప్పుడు ఏసోబు లోపలికి వచ్చాడు. వాడు తల దించుకుని నడవడం నేను చూడలేదు ఎప్పుడూ.

"వేళాంకణ్ణి" అన్నాడు. "నేనూ, మా ఆవిడా. రాయండి."

వాడి వెనక నిన్న దండం పెట్టిన ముసలావిడ వచ్చింది. ఆవిడ వెనక ఇంకొకరు. ఎవరి మాట వాళ్ళు చెప్పి, వేలిముద్రో సంతకమో వేసి పక్కకి వస్తున్నారు. రత్నం వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రాలేదు.

కారు చప్పుడైంది. జోగారావుగారు దిగాడు. వెంట ఎవరూ లేరు. గడ్డం మాసి ఉంది. నేను వెళ్ళలేదు కదా. ఆఫీసరు సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. వరసలో ఉన్నవాళ్ళు ఎవరూ పక్కకి తప్పుకోలేదు.

"ఏం రాయిస్తున్నావు రాఘవులూ?"

"వెళ్ళొచ్చిన సంగతి బాబూ."

ఆయన బల్ల మీది కాగితం చూశాడు. నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆవేళ తమరి జుట్టు అడక్కుండా పోనిచ్చాను. అది నా తప్పు" అన్నాను. "ఇవాళ అడుగుతున్నాను. తమరిది కూడా చెప్పండి బాబూ. నిన్న మైకులో చెప్పింది కోపం. అది లెక్కలోకి రాదు. ఎవరు తీసుకెళ్ళారో, ఎందుకు తీసుకెళ్ళారో కూర్చుని చెప్పండి. మేమందరం చెప్పాం. పెద్ద కష్టమేం కాదు. సిగ్గుగా ఉంటుంది, అంతే."

బయట చెట్టు కిందివాళ్ళు కూడా లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు.

బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉంది. నేను భుజం మీది తువ్వాలు తీసి దాన్ని దులిపాను. ఆయన కూర్చోవడానికి వీలుగా కొంచెం వెనక్కి లాగి పట్టుకుని నిలబడ్డాను.